అమ్మడి వ్యాసం - నాన్న దిద్దుబాటు

2024 డిసెంబరు చివరి వారంలో మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఫోను లాక్కున్నందుకు కాదు, స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళొద్దన్నందుకూ కాదు. తను రాసుకున్న వ్యాసాన్ని నేను 'బాగు' చేసినందుకు!

మీలో చాలామంది ఇళ్ళలో ఈ సీను ఇప్పటికే జరిగి ఉంటుంది, లేదా త్వరలో జరగబోతుంది. పిల్లలు పన్నెండో తరగతికి రాగానే యూనివర్సిటీ అప్లికేషన్లు, వాటితో పాటు వ్యాసాలు వచ్చి పడతాయి. అమెరికాకైతే కామన్ యాప్‌లో 650 మాటలకి మించకూడదు. ఇంగ్లండుకైతే యూకాస్‌లో ఖాళీలతో సహా 4000 అక్షరాలు. "నీ గురించి చెప్పు" అంటారు. పదిహేడేళ్ళ పిల్లకి తన గురించి తనకి తెలిసింది ఎంతో, దాన్ని 650 మాటల్లో ఇరికించడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. పక్కన నాలాంటి తండ్రి ఉంటే ఆ కష్టం రెట్టింపు.

ముందు మా పేట సంగతి చెప్పాలి. మేముండేది లమ్మడాలో. యాంగోన్ నగరం నడిబొడ్డుకి పడమటి వైపు, చైనా వాళ్ళ బజారు పక్కన ఉంటుంది. బర్మా భాషలో ఆ మాటకి రాజవీధి అనే అర్థం వస్తుంది. కాస్త దక్షిణానికి నడిస్తే స్ట్రాండ్ రోడ్డు, అది దాటితే నది. సన్నగా పొడుగ్గా ఉండే అపార్టుమెంట్లు, లిఫ్టు ఉండదు. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. దాని చివర ఒక క్లిప్పు. పేపరువాడు పేపరు తగిలిస్తే పైనుంచి లాక్కోవడమే. కొన్ని తాళ్ళకి గంట కూడా ఉంటుంది. వాట్సాప్ రాకముందే నోటిఫికేషన్ కనిపెట్టిన ఊరండీ ఇది.

2018లో ఒక ప్రాజెక్టు పని మీద ఇక్కడికి వచ్చాను. ఏడాదో రెండేళ్ళో అనుకున్నది ఇంతకాలం సాగింది. మా కింది అంతస్తులో ఒక మామ్మగారు ఉన్నారు. బర్మాలోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. బుగ్గలకి తనకా రాసుకుని, లుంగీ కట్టుకుని, పొద్దున్నే మొహింగా బండి దగ్గర బర్మీస్‌లో బేరమాడి, మెట్లెక్కుతూ మా ఆవిడతో "ఏటమ్మా, కూరేటి సేసినావు?" అని శ్రీకాకుళం యాసలో పలకరిస్తుంది. తెలుగు మాట్లాడటమే కానీ చదవడం, రాయడం రాదు. ఆవిడ చిన్నప్పుడు నేర్పేవాళ్ళు లేకపోయారు. మా అమ్మడు పదో తరగతిలో ఉన్నప్పుడు సెలవుల్లో ఆవిడకి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. పలకా బలపం దొరక్క, పాత ప్రింటు కాగితాల వెనక వైపు మార్కరుతో.

అమ్మడు వ్యాసం రాసింది దాని గురించే.

ఆ డిసెంబరు రాత్రి తను నిద్రపోయాక ఫైలు తెరిచాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, లాప్‌టాప్‌లో చార్జి ఉన్నంతసేపే పని. జనవరి 1 గడువు. చదివాను. నా గుండె జారింది. మరీ మామూలుగా ఉంది! చిన్న చిన్న వాక్యాలు. "మామ్మకి 'అ' రాయడానికి మూడు రోజులు పట్టింది. నాకు ఓపిక పట్టడానికి మూడు వారాలు పట్టింది." ఇలా సాగింది. ఇంగ్లీషులోనే అనుకోండి. పెద్ద మాట ఒక్కటి లేదు. పోటీలో ఉన్న పిల్లలు ఎలా రాస్తారో, వాళ్ళకి ఎంతెంత ఖరీదు సలహాదారులు ఉంటారో తలుచుకుంటే నాకు చెమట పట్టింది.

ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి కూర్చున్నాను. రాత్రి రెండింటికి లేచేసరికి ఆ రెండు పేజీలు ఎర్రగీతలతో కుంకుమ పూజ చేసినట్టున్నాయి. 'అ' రాయడానికి పట్టిన మూడు రోజులు పోయి, ఆ స్థానంలో "తరతరాల భాషా వారసత్వ పునరుజ్జీవనం" వచ్చింది. మామ్మగారి నాన్న 1942లో ఓడెక్కి ఇండియా వెళ్ళాడని ఒక వాక్యం ఉంటే, దానికి "ఆశల అలల మీద సాగిన ప్రయాణం" అని నగిషీ చెక్కాను. ఒక మాట మాత్రం స్పెల్ చెకర్ పదే పదే ఎర్రగా గీసి చూపించింది, అది నాకూ తప్పుగానే తోచి తీసేశాను. ఆ మాట 'రంగం'. వ్యాసంలో ఆరుసార్లు వచ్చింది. ఆరుచోట్లా 'యాంగోన్' అని మార్చాను.

పొద్దున్న అమ్మడు చదివింది. అరవలేదు, ఏడవలేదు. లాప్‌టాప్ మూసి, "చాలా బాగుంది నాన్నా. నువ్వే అప్లై చెయ్యి" అంది. అంతే. రెండు రోజుల మౌనవ్రతం.

మా ఆవిడ టీ ఇస్తూ, "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందట. మీరు కోతిని కూడా కాదు, మిమ్మల్నే చేసుకున్నారు" అంది. నాకు కోపం వచ్చింది. అంత రాత్రి మేల్కొని పని చేస్తే ఇదా మర్యాద అనుకున్నాను.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. 2000 ప్రాంతంలో నేను ఎమ్మెస్‌కి అప్లై చేసినప్పుడు నా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ నేను రాయలేదు. అమీర్‌పేటలో ఒక సీనియర్ దగ్గర ఫ్లాపీలో దొరికింది. ఆయనకి ఇంకో సీనియర్ ఇచ్చాడట. "చిన్ననాటి నుంచీ కంప్యూటర్లంటే నాకు అపారమైన ఆసక్తి" అని మొదలయ్యేది. నేను డిగ్రీకి వచ్చేవరకు కంప్యూటరు మొహం చూడలేదు. పేరు, మార్కులు, యూనివర్సిటీ పేరు మార్చుకుని పంపడమే. ఒక చోట ఆ చివరిది మార్చడం మర్చిపోయి, ఒక యూనివర్సిటీకి పంపిన ఉత్తరంలో ఇంకో యూనివర్సిటీలో చదవడమే నా జీవితాశయమని రాశాను. వాళ్ళు చాలా మర్యాదగా వద్దన్నారు. ఆ కథ నవ్వుతూ అందరికీ చెప్తుంటాను. అయితే ఆ రెండు రోజుల్లో మాత్రం నవ్వు రాలేదు. అప్పుడు నా పేరు కింద ఎవరిదో గొంతు ఉంది. ఇప్పుడు నా కూతురి పేరు కింద నా గొంతు పెట్టబోయాను. తేడా ఏముంది?

నా ఉద్యోగం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. నేను ఇక్కడికి వచ్చిందే అక్షరాలు బాగు చెయ్యడానికి. మన తెలుగుకి ఒకప్పుడు ఏ ఫాంటుకి ఆ ఫాంటు ఉండి, ఒకరు పంపింది ఇంకొకరికి గజిబిజిగా కనిపించిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. బర్మీస్‌కీ అదే గొడవ. దేశమంతా 'జోజీ' అనే ఫాంటు వాడేది. అది యూనికోడ్ పద్ధతికి సరిపడదు. 2019 అక్టోబరు 1 నుంచి యూనికోడ్‌కి మారాలని నిర్ణయించారు. పాత డేటా మార్చే ప్రోగ్రాములు రాయడం మా బృందం పని. అందులో మొదటి పాఠం ఏమిటంటే, మార్చే ముందు అది నిజంగా జోజీయేనా అని గుర్తుపట్టాలి. అప్పటికే యూనికోడ్‌లో సరిగ్గా ఉన్న పేరుని మళ్ళీ మార్చారో, మంచి అక్షరం కాస్తా పనికిరాకుండా పోతుంది. తప్పు కానిదాన్ని దిద్దితే అదే తప్పవుతుంది. ఈ మాట నా జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పానో! ఇంట్లో మాత్రం గుర్తుపట్టే పని మానేసి మార్చే పనిలో పడ్డాను.

మూడో రోజు నేనే అమ్మడి దగ్గరికి వెళ్ళాను. "నా మార్పులన్నీ తీసేశాను. నీ వ్యాసం నువ్వే మామ్మగారికి చదివి వినిపించు. నేను పక్కన కూర్చుంటాను, నోరెత్తను" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి సరేనంది. కరెంటు లేదు. వీధి చివర జెనరేటరు ఉన్న ప్రింటు షాపుకి ఫోన్లోంచి ఫైలు పంపితే, కుర్రాడు కాగితాలు తెచ్చి మా తాడు క్లిప్పుకి తగిలించి గంట కొట్టాడు.

కింద మామ్మగారింట్లో అమ్మడు ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ చదివింది. 'అ' కి మూడు రోజులు అన్నచోట మామ్మగారు పడీ పడీ నవ్వింది. తర్వాత 1942 వచ్చింది. "మామ్మ వాళ్ళ నాన్న ఓడెక్కి..." అనేలోపే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఓడెక్కడిదే బుల్లీ? మా అయ్య నడిసి ఎల్లినాడు. ప్రోం దాకా ఎల్లి, అక్కణ్ణించి కొండలెక్కి టాంగుప్ కాడికి దిగినారు. దారిలో మా అయ్య సెల్లెలు పోనాది. ఓడెక్కింది మా అన్నియ్య. అరవై నాలుగులో."

ముగ్గురం ఒక్కసారి ఆగిపోయాం.

తెలిసిన చరిత్రే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వాళ్ళ చేతికి పోయింది. లక్షలాది భారతీయులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచి వెళ్ళారు. ఓడ టికెట్టు అందని పేదవాళ్ళలో చాలామందికి ప్రోం నుంచి అరకాన్ కొండల మీదుగా టాంగుప్ చేరే దారే దిక్కయింది. ఆకలికీ కలరాకీ ఆ దారిలో రాలిపోయినవాళ్ళు ఎందరో. రేవుల్లో మూటలు మోసి, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మనవాళ్ళు అందులో ఎక్కువ. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి వచ్చేవాళ్ళని బట్టి ఇక్కడ తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వచ్చారు, మామ్మగారి నాన్న వాళ్ళలో ఒకడు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. మళ్ళీ వేలమంది ఓడలెక్కి మద్రాసు, విశాఖపట్నం చేరారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఆ పేరుతో ఇప్పటికీ ఉంది. ఆవిడ అన్నయ్య అలా వెళ్ళినవాడే.

అమ్మడు ఈ రెండు ప్రయాణాల్నీ కలిపేసింది. విన్నదాంట్లో ఓడ ఉంది, 1942 ఉంది, రెంటినీ ముడేసింది. పదిహేడేళ్ళ పిల్ల, పొరపాటు సహజం. మరి నా సంగతి? అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రతి వాక్యం దిద్దిన వాణ్ణి. ఆ ఓడ నిజంగా ఉందా అని ఒక్క క్షణం ఆలోచించకుండా దాని కింద అలలు పుట్టించాను! ఒక పసిపిల్ల ప్రాణం పోయిన దారిని ఆశల ప్రయాణం చేశాను. ఆ వ్యాసంలో నిజంగా దిద్దాల్సిన తప్పు అదొక్కటే. దాన్ని మాత్రం వదిలేసి మిగతా అంతా దిద్దాను.

అమ్మడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సారీ మామ్మా, తప్పు రాశాను" అంది. "రాస్తే ఏటయింది? ఇప్పుడు సరిగ్గా రాయి" అందావిడ, నెత్తి మీద చెయ్యి వేసి. తర్వాత అమ్మడు నా వైపు తిరిగి, "రంగం అన్న మాట ఎందుకు తీసేశావు నాన్నా?" అని అడిగింది. "అది తప్పు కాదు. మామ్మ ఎప్పుడూ యాంగోన్ అనదు, రంగూన్ అనదు. రంగం అంటుంది. ఆ మాట విన్నప్పుడే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది."

మా సొంతూళ్ళో కూడా ముసలివాళ్ళు "రంగం పోయినాడు" అనడం నేను విన్నదే. ఉత్తరాంధ్రలో ఇంటికొకరు ఆ మాటలో కలిసిపోయిన కాలం అది. కంప్యూటరు నిఘంటువులో లేదు కాబట్టి తప్పన్నాను.

ఈ గొడవ కొత్తది కాదని తర్వాత తీరిగ్గా కూర్చున్నప్పుడు తట్టింది. వందేళ్ళ కిందట మద్రాసు విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇదే తగాదా జరిగింది. విద్యార్థులు పరీక్షల్లో రాసే తెలుగు వ్యాసం ఎలా ఉండాలి? జనం మాట్లాడే మాట రాస్తే తప్పని కొట్టెయ్యాలా? దాన్ని తేల్చడానికి వేసిన సంఘంలో గురజాడ అప్పారావుగారు సభ్యులు. మిగతావాళ్ళతో ఒప్పుకోలేక 1914లో తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. గిడుగు రామమూర్తిగారు బతుకంతా ఆ పోరాటానికే ఇచ్చారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన అసోసియేషన్లలో ఆ రోజు దండలు వేసి ఉపన్యాసాలు ఇస్తాం కదా, ఇంటికొచ్చి పిల్ల రాసిన మాటని మాత్రం గీసేస్తాం. నాతో సహా.

దిద్దడం చెడ్డదని నేననడం లేదు సుమండీ. గురజాడవారి 'కన్యాశుల్కం' మొదట అచ్చయింది 1897లో. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనం చదివి మురిసిపోయేది ఆ రెండోదే. 1910లో అచ్చయిన ఆయన కథ పేరే 'దిద్దుబాటు'. అంత గొప్పవాడికే తిరగరాయక తప్పలేదు, మన పిల్లలెంత? కాకపోతే అక్కడ తిరగరాసింది రాసినవాడే. అదీ తేడా.

ఆ రాత్రి అమ్మడు మూడో పేరా మొత్తం తనే మళ్ళీ రాసింది. ఓడ పోయి నడక వచ్చింది. మామ్మగారి మేనత్త వచ్చింది. మాటలు 650 దాటితే ఏం తీసెయ్యాలో తనే తేల్చుకుంది. నన్ను అడిగింది ఒక్కటే, "అక్షర దోషాలు చూడు నాన్నా". చూశాను. 'ఫ్రమ్' అని ఉండాల్సిన చోట 'ఫార్మ్' అని పడింది. రెండూ ఇంగ్లీషులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెకర్ పట్టుకోలేదు. మన 'కల', 'కళ' లాంటిదే. దాన్నే మన పెద్దలు ముద్రారాక్షసం అన్నారు. రెండు మూడు కామాలు, ఒక ఏకవచనం. మొత్తం అయిదు గుర్తులు పెట్టాను, అదీ పెన్సిల్‌తో, పక్క మార్జిన్లో. గడువుకి ఒకరోజు ముందే, డిసెంబరు 31 మధ్యాహ్నం, కరెంటు ఉండగా పంపేశాం.

ఈ అనుభవంతో సాటి తల్లిదండ్రులకి నాకు తోచిన నాలుగు మాటలు చెప్తాను. నచ్చితే తీసుకోండి.

మొదట నిజాలు చూడండి. పేర్లు, ఏళ్ళు, ఊళ్ళు, ఎవరు ఎవరికి ఏమవుతారు - ఇవి తప్పయితే భాష ఎంత బాగున్నా దండగ. ఎవరి గురించి రాశారో వాళ్ళుంటే వాళ్ళకి చదివి వినిపించమనండి.

తర్వాత అర్థం చూడండి. తెలియని చోట "ఇక్కడ నాకు అర్థం కాలేదు, ఏం చెప్పాలనుకున్నావు?" అని అడగండి, వాక్యం మీరు రాసివ్వకండి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు కోడ్ రివ్యూ చేసినప్పుడు అదే పద్ధతి. తప్పు ఎక్కడుందో చూపిస్తాం, సరిచేసేది రాసినవాళ్ళే.

అక్షర దోషాలు ఆఖర్న చూడండి. తెర మీద కాదు, కాగితం మీద. ఒక రాత్రి గడిచాక. వీలైతే చివరి వాక్యం నుంచి మొదటికి వెనక్కి చదవండి, కథ వెంట పరిగెత్తకుండా కన్ను అక్షరం మీద నిలుస్తుంది. యూనివర్సిటీ పేరు మాత్రం రెండుసార్లు చూడండి. ఇది అనుభవంతో చెప్తున్న మాట!

పిల్లలూ, మీకూ ఒక మాట. ఇప్పుడు మీ దగ్గర నాకంటే తెలివైన యంత్రాలు ఉన్నాయి. అడిగితే క్షణంలో వ్యాసం రాసి పెడతాయి. యంత్రం రాసిన విషయాన్ని మీదిగా పంపితే మోసంగా లెక్కిస్తామని కామన్ యాప్ వాళ్ళు తమ నియమాల్లోనే చేర్చారు. ఆ భయం సరే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ యంత్రమూ నాలాగే ఆ ఓడ కింద అలలు పుట్టించేది. "ఓడెక్కడిదే బుల్లీ?" అని మాత్రం అడగలేదు. అది అడిగే మనిషి మీ మేడ కిందనో, మీ తాతగారి ఊళ్ళోనో ఉంటారు. వెళ్ళి వాళ్ళకి చదివి వినిపించండి.

యూనివర్సిటీ వాళ్ళు ఏమన్నారని అడుగుతారేమో. అందులో సగం మార్కులదీ అదృష్టానిదీ, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. నాకు మిగిలింది వేరే సంగతి.

జనవరిలో ఒక సాయంత్రం కిందికి వెళ్ళాను. మామ్మగారు కాగితం మీద తన ఊరి పేరు రాస్తోంది. వణికే చేత్తో 'రంగ' అని రాసి, చివరి సున్నా మర్చిపోయి, తల ఎత్తి మా ఇద్దరి వైపూ గర్వంగా చూసింది. నా చెయ్యి అప్రయత్నంగా జేబులో పెన్ను మీదికి పోయింది. అమ్మడు నన్ను ఒక చూపు చూసింది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

"మామ్మా, ఒకసారి పైకి చదువు" అంది అమ్మడు.

"రం... గ..." అని ఆగింది మామ్మగారు. కాగితం దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఓలమ్మా! నా ఊరు సగమే ఉన్నాదే" అని నవ్వుకుంటూ, తనే మార్కరు తీసుకుని, నిదానంగా గుండ్రంగా ఆ సున్నా చుట్టింది.